ఇస్త్రీ అక్క కట్టేసిన స్విచ్చి

ఇస్త్రీ అక్క ఒట్టి పిరికిది. ఈ మాట ఆవిడ మొహం మీదే అనొచ్చు, నవ్వి ఒప్పుకుంటుంది. లిఫ్టంటే భయం, పెద్ద డాక్టరంటే భయం, కొత్త నంబరు నుంచి ఫోనొస్తే భయం. సెగలు కక్కే ఇస్త్రీపెట్టె దగ్గర మాత్రం జంకదు. ఎందుకంటే, కొట్లోంచి కాలు కదిపిందంటే చాలు, గోడ స్విచ్చి కట్టేస్తుంది. ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు, ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టెయ్యడం మరిచిపోబట్టే బుగ్గిపాలైంది. అప్పటినుంచి ఆవిడ చెయ్యి, మనసుతో పని లేకుండా, స్విచ్చి వెతుక్కుంటుంది.

అలాంటి మనిషిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది భర్త గుండె జబ్బు. స్కూలు బస్సు నడిపే ఆయనకు గుండె కవాటం పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆలస్యం చేస్తే మనిషి దక్కడన్నారు. ఆపరేషన్ తేదీలు మాత్రం వెబ్‌సైట్లోనే తీసుకోవాలట. ఆసుపత్రి కౌంటర్లో ఎంత బతిమాలినా గోడ మీది బోర్డు చూపించి ఊరుకున్నారు. ఇంట్లో ఉన్నవేమో బటన్ల ఫోన్లు. వీధి చివర గ్రంథాలయంలో కంప్యూటర్లు ఉచితమని, రానివాళ్లకు నేర్పిస్తారని తెలిసి, ఇస్త్రీ చేసినవి ఇచ్చొచ్చే దారిలో రోజూ అక్కడ ఆగడం మొదలుపెట్టింది. లైబ్రేరియన్ చిన్న పిల్ల, ఓపిక గలది. అక్క మౌసును ఇస్త్రీపెట్టెలా అదిమి తోస్తుంటే, మడతలు పోవాలా అని ఆట పట్టించేది.

తేదీలు ఇచ్చే రోజు రానే వచ్చింది. భర్త పేరు, వయసు, రిపోర్టు వివరాలు అక్క ఒక్కో అక్షరమే వెతికి కొట్టింది. తేదీ ఎంచుకుని ఆఖరి గడి నొక్కగానే తెర మీద చక్రం తిరగడం మొదలైంది. గండం గడిచిందనుకుని గట్టిగా ఊపిరి పీల్చి లేచింది. లేస్తూ గోడ స్విచ్చి కట్టేసింది.

వరుసలో కంప్యూటర్లన్నీ నల్లబడ్డాయి. పక్కన ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న అమ్మాయి కెవ్వుమంది. అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. కట్టుకున్నవాణ్ణి తన చేతులతో తనే చంపుకున్నాననుకుంది. లైబ్రేరియన్ పరుగున వచ్చి స్విచ్చి వేసింది, ఆ అమ్మాయి రాసినదేదీ పోలేదని చూపించి ఊరడించింది. అక్క తేదీ మాత్రం నమోదు కాలేదు.

"నువ్వే కొట్టమ్మా, నీకు పుణ్యముంటుంది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"కొడతాను అక్కా. కానీ రేపట్నుంచి మందులకీ పరీక్షలకీ ఇందులోకే రావాలి. అప్పుడు నేనుండకపోతే? కూర్చో, పక్కనే ఉంటా."

అక్క మనసులో ఆ పిల్లను తిట్టుకుంటూనే కూర్చుంది. మళ్లీ మొదటినుంచి. ఈలోగా ఒక్కో తేదీ ఎర్రబడిపోతోంది, ఎవరో తీసేసుకుంటున్నారు. తొందరలో పేరు తప్పు పడింది. చెరిపి కొట్టింది. ఇంకా పచ్చగా ఉన్న మంగళవారం మీద నొక్కి, ఈసారి చేతులు ఒళ్లో బిగించుకుని చక్రం ఆగేదాకా కూర్చుంది. తేదీ ఖరారైందని తెర చెప్పింది.

లైబ్రేరియన్ భుజం తట్టింది. అక్కకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ కంప్యూటరంటేనే భయమనుకుంది. దాని చాటున అంతకన్నా పెద్ద భయం దాక్కుందని ఇప్పుడు తెలిసింది. మంగళవారం ఆయన ఛాతీ కోస్తారు. ఆ రోజును ఎంచి నొక్కింది తనే.

"ఇది రద్దు చెయ్యడం ఎలాగో కూడా చెప్పవా?" అని గొణిగింది.

ఆ పిల్ల రద్దు గడి ఎక్కడుందో చూపించింది. అక్క దాన్ని నొక్కలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆయనకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక, ఇంటిదారి పట్టింది.