ఎదుటి బోర్డు మీద మా రేటు

ఎండ ముదిరిన ఒక పగలు, కడపలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసు కిటికీలోంచి కొత్త ఫ్లెక్సీ వాసన లోపలికి వచ్చింది. వేడెక్కిన ప్లాస్టిక్కూ, ఇంకా సరిగా ఆరని రంగూ కలిసిన వాసన. పీల్చగానే గొంతులో గరగరమంటుంది. లేచి చూశాను. రోడ్డుకు అవతల ఇద్దరు మనుషులు నిచ్చెనలు వేసుకుని ఒక కార్ల అద్దె కంపెనీ బోర్డు కడుతున్నారు. బోర్డు సగం ఎరుపు, సగం పచ్చ. ఎర్ర సగంలో పోటీ కంపెనీ పేరు, వాళ్ళ రేటు, దాని మీద అడ్డంగా గీత. పచ్చ సగంలో వీళ్ళ రేటు, అందులో సగం కూడా లేదు. నా కళ్ళు వాటంతటవే బోర్డు అడుగుకు దిగిపోయాయి, చిన్నక్షరాలేమైనా ఉన్నాయేమోనని. ఏ బండికి? ఎంత దూరానికి? డ్రైవరుతోనా, డ్రైవరు లేకుండానా? ఏదీ రాయలేదు. ఇలా చూడడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. కర్నూల్లో ఓబులమ్మగారి దగ్గర పనిచేసిన రోజుల్లో వచ్చింది.

ఆమెను మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. యాభై దాటిన మనిషి, పొట్టి, నుదుటిన పెద్ద బొట్టు, చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపుకునే ఉండేది. ఆళ్ళగడ్డ దగ్గర భూములున్న కుటుంబం. భర్త సేద్యం వదిలి ఊరు కదలనంటే, తనే కర్నూలు వచ్చి బస్టాండు దగ్గర కార్లు అద్దెకిచ్చే ఆఫీసు పెట్టింది. మహానంది, అహోబిలం, శ్రీశైలం, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు, అన్నిటికీ ఆమె బండ్లు తిరిగేవి. ఆమె ఎవరినీ నమ్మేది కాదు. బండి తిరిగొస్తే డ్రైవరు చెప్పేది వినకముందే డిక్కీ తెరిచి చూసేది. టీ తెచ్చినవాడిని, ఇది పొద్దుటి పాలా నిన్నటి పాలా అని అడిగేది. ఎవరైనా ఆమెను పొగిడితే, ఇతనికి నాతో ఏం పని పడిందో అన్నట్టు కళ్ళు చిన్నవి చేసుకుని చూసేది.

నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు మా చర్చి పాస్టరుగారు రాసిచ్చిన మంచి నడవడి పత్రం తీసుకెళ్ళాను. ఆమె దాన్ని చదివి బల్ల మీద పెట్టింది.

"ఈ పాస్టరు నీకేమైతాడు?"

"మా మేనమామ."

"మేనమామ మంచిదని రాయక ఏమని రాస్తాడు పాపా?"

నాకు ముఖం వేడెక్కింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో ఆమే, "అబద్ధం చెప్పలేదు నువ్వు. ఇంకొకరైతే ఏమీ కాడు అనుందురు. రేపటి నుంచి రా" అంది. అలా ఆ ఆఫీసు ఫోను నా చేతికి వచ్చింది. రోజంతా వచ్చే కాల్స్ ఎత్తడం, ఏ ఊరికి ఏ బండి, ఎన్ని దినాలు అని అడిగి రేటు చెప్పడం నా పని. మొదట్లో అడిగిన వెంటనే రేటు చెప్పేదాన్ని. ఒకరోజు ఆమె పక్కనే నిలబడి విన్నది. "ఎంతమంది, ముసలోళ్ళు ఉండారా, ఏసీ కావల్లనా, ఈ పొద్దే తిరిగొస్తారా, ఇవన్నీ అడగకుండా నోటికొచ్చింది చెప్తే అది రేటు కాదు" అంది. ఆ తర్వాత నేనెప్పుడూ అలా చెప్పలేదు.

నేను చేరిన మరుసటి వేసవిలో మా ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా కొత్త కంపెనీ దిగింది. దాని మేనేజరు మధు, మా వయసువాడే, ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు. ఎదురైతే "నమస్తే అమ్మా" అని ఓబులమ్మగారికి వంగి దండం పెట్టేవాడు. దండం పెట్టినప్పుడల్లా ఆమె అనుమానం పెరిగేది. ఒక పొద్దున మేం షట్టరు ఎత్తేసరికి ఎదురుగా పెద్ద బోర్డు లేచి ఉంది. ఎడమవైపు మా కంపెనీ పేరు, మేం అహోబిలానికి తీసుకునే రేటు. కుడివైపు వాళ్ళ పేరు, వాళ్ళ రేటు. తేడా చూస్తే మా వాళ్ళందరినీ దొంగలనుకోవలసిందే. రోడ్డున పోయేవాళ్ళు ఆగి బోర్డు చదివి, మా వైపు ఒకసారి చూసి నడిచిపోతున్నారు.

ఓబులమ్మగారు చాలాసేపు గడపలో నిలబడి చూసింది. బోర్డు మీదున్నది నిజంగా మా రేటే. కానీ అది పెద్ద బండికి, బ్రహ్మోత్సవాల రద్దీలో, కొండ కింద రాత్రి నిలబడేదానికి మేం చెప్పే రేటు. అలాంటి రేటు ఎప్పుడో గాని చెప్పం. బయటివాళ్ళకు ఎలా తెలిసింది? ఆమె ఆ ప్రశ్న పైకి అడగలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, నా బల్ల మీది ఆఫీసు ఫోను తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఫోను మోగితే ఆమే ఎత్తింది. నాకు బిల్లులు రాసే పని మిగిలింది.

నన్నేమీ అనలేదు. అంటే బాగుండేదని అప్పట్లో రోజూ అనుకునేదాన్ని. నేను బయటికి లేస్తే ఆమె చూపు నా వెంటే వచ్చేది. భోజనానికి వెళ్ళి కొంచెం ఆలస్యమైతే, తిరిగొచ్చేసరికి నా బల్ల సొరుగు ఎవరో వెదికినట్టు కుర్చీ జరిపి ఉండేది. నేను చేయలేదని నాకు తెలుసు కాబట్టి, చేసినవాళ్ళెవరా అని నేనూ వెదకడం మొదలుపెట్టాను. మా ఆఫీసులో మొదట్నుంచీ ఉన్న డ్రైవరు హుసేన్ పీరా ఎదుటి కంపెనీ డ్రైవర్లతో కలిసి టీ తాగేవాడు. ఇతనేమో అనుకున్నాను. పీరా నాతో మాట్లాడడం మానేశాడు. నా అనుమానం అతనికి తెలిసింది కాబోలు, లేదా అతనికీ నా మీద అనుమానం ఉందేమో. ఒకప్పుడు అందరం కలిసి మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే గదిలో ఎవరి గోడ వైపు వాళ్ళు తిరిగి తిన్నాం. బోర్డు వల్ల పోయిన బేరాల కంటే ఇదే నాకు ఎక్కువ గుర్తుంది.

అంతలో ఇంట్లోనే ఇంకో దెబ్బ తగిలింది. నాకు పత్రం రాసిచ్చిన మా మేనమామ కడపలో ఒక పెళ్ళి జరిపించాలి. మా అవ్వను కూడా తీసుకుని వెళ్ళడానికి కారు మాట్లాడుకున్నాడు, ఎదుటి కంపెనీలో. "మీదాంట్లో శానా ఎక్కువంట గదమ్మా, బోర్డు మీద చూసినా" అన్నాడు. నేనేం చెప్పినా, పనిచేసే కంపెనీ మీద అభిమానంతో చెబుతున్నాననుకున్నాడు. ఆ కారు బయల్దేరడం మా గడపలోంచి ఓబులమ్మగారు చూసింది. మామ కారులోంచి నాకు చెయ్యి ఊపడంతో లోపల కూర్చున్నది ఎవరో ఆమెకు అర్థమైంది. నా వైపు తిరిగి, "మీవోళ్ళు కూడా ఆడికే పోతాండారు" అంది. అంతే. ఆ మాటకు సాయంత్రం ఇంటికెళ్ళి రాజీనామా రాద్దామని నిశ్చయించుకున్నాను.

సాయంత్రం కాకముందే అంతా మారిపోయింది. పొద్దెక్కాక నా సెల్లుకు మామ ఫోన్ చేశాడు. కారు చాగలమర్రి దాటాక రోడ్డు పక్కన ఆగిపోయింది. చెడిపోయి కాదు, డ్రైవరే ఆపాడు. బోర్డు మీది రేటు ఏసీ లేని చిన్నబండికట. అది కూడా కొంత దూరం వరకేనట. అంతకు మించి వెళ్ళే ప్రతి కిలోమీటరుకూ వేరే రేటు, ఖాళీగా తిరిగిపోయే దూరం కూడా మన నెత్తినే, డ్రైవరు తిండి ఖర్చుకిచ్చే బత్తా అదనం. ఒప్పుకుంటేనే బండి కదులుతుందట. అవ్వకు ఉక్కపోతకు కళ్ళు తిరుగుతున్నాయి. కడపలో పెళ్ళివాళ్ళు చర్చిలో కూర్చుని పాస్టరు కోసం చూస్తున్నారు.

నా ముఖం చూసి ఓబులమ్మగారు ఫోను తీసుకుంది. మొదట ఆమె ఇదీ నమ్మలేదు. "ఆ మధుగాడు నీతో చేపిస్తాండాడా ఈ ఫోను?" అని మా మామనే అడిగింది. పాస్టరుగారు ఏమన్నారో గాని, "సరే, ఆ డ్రైవరుకు ఫోనియ్యి" అంది. స్పీకరు పెట్టింది.

"ఏమప్పా, ముసలామెను ఎండలో పెట్టి బేరమాడతాండావే."

"నేనేం చేయల్లమ్మా. నా బత్తా ఆఫీసోళ్ళు ఈరు. ఎక్కినోళ్ళ కాడ్నే తీసుకోమంటారు. మొదట్లోనే చెప్తే ఎక్కరని, దావలో చెప్పమన్నారు."

ఆమె గొంతు తగ్గించి, "తిన్నావా పొద్దున?" అని అడిగింది. అతను లేదన్నాడు. "వాళ్ళను నీడన దింపి నువ్వు పో. వాళ్ళకు నేను బండి పంపిస్తా" అంది.

హుసేన్ పీరా ఆ పొద్దున ఎవరినో కడపలో దింపి ఖాళీగా తిరిగొస్తూ అప్పుడే మైదుకూరు దాటాడు. ఆమె ఫోన్ చేయగానే నేరుగా చాగలమర్రి వచ్చి, అవ్వను ముందు సీట్లో ఏసీ ఎదురుగా కూర్చోబెట్టి, బండి తిప్పుకుని కడప తీసుకెళ్ళాడు. పెళ్ళి ఆలస్యమైనా జరిగింది. తర్వాత మామ ఆఫీసుకు వచ్చి, మీరు చేసిన సాయానికి ఏమివ్వాలి అని అడిగితే, మామూలు రేటుకు బిల్లు చేతిలో పెట్టింది. "సాయమేముండాది సామీ, బండి పంపినాం, అంతే" అంది. ఒక రూపాయి తగ్గించలేదు, పెంచలేదు.

మరుసటి రోజు ఆమె కొంగు బిగించి, "రా పాపా" అని నన్ను వెంటబెట్టుకుని రోడ్డు దాటింది. మధు లేచి దండం పెట్టి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మా రేటు నీకు ఎవురు చెప్పినారు?"

మధు నవ్వాడు. దాచాలని కూడా అతనికి అనిపించలేదు. "మీరే చెప్పినారు కదమ్మా. మధ్యాహ్నం పూట ఫోన్ చేసినా. ఉత్సవాలకు పెద్ద బండి, రాత్రి కొండకాడ నిలబడల్ల అన్నా. మీ గొంతే. నేను రాసుకున్నా."

"ఆ రేటు పక్కన నీ చిన్నబండి రేటు పెట్టినావు."

"రెండూ నిజం రేట్లే. అబద్ధం యాడుండాదో చూపించండి."

నేను ఓబులమ్మగారి ముఖం వైపు చూశాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె బుగ్గలు జారిపోయాయి. ఒక్కసారిగా వయసు మీద పడినట్టు కనిపించింది. ఆ రోజు నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఫోను ఎత్తింది ఆమే. అన్ని ప్రశ్నలూ అడిగి జాగ్రత్తగా రేటు చెప్పింది కూడా ఆమే. తిరిగి రోడ్డు దాటేటప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది, బండ్ల రద్దీకి అన్నట్టు. లోపలికొచ్చాక ఫోను తీసి నా బల్ల మీద పెట్టి, "నీకాడ్నే ఉండనీ" అంది. ఆమె నోటి నుంచి క్షమాపణ రాలేదు. పీరా వచ్చినప్పుడు మాత్రం, టీ తెప్పించి తనే అతనికి గ్లాసు అందించింది. పీరా ఎందుకో తెలియక నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తర్వాత ఆమె కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. మనమూ బోర్డు పెడదాం, వాళ్ళు దావలో గుంజేదంతా కలిపి ఎడమవైపు వేసి, కుడివైపు మన చిన్నబండి రేటు వేద్దాం అన్నాడు. అన్నవాడు అన్నట్టే ఫ్లెక్సీ కొట్టించి తెచ్చాడు. నేలమీద పరిచి చూపించాడు. ఓబులమ్మగారు దాని చుట్టూ నడిచి, నన్ను పిలిచింది. "మీ మామ ఇది చూస్తే ఏమనుకుంటాడు?"

"వాళ్ళ బండ్లన్నీ మన బండ్ల కంటే రెండింతల రేటు అనుకుంటాడు."

"అన్నీ అట్లనేనా?"

"కాదమ్మా."

"ఇది చదివేది మధు కాదు రా," అంది కొడుకుతో. "వీళ్ళ మామ చదువుతాడు. ఆయప్పను రెండోసారి మోసం చేసినట్లయితాది."

కొడుకు చాలాసేపు వాదించాడు. ఆమె చివరకు ఎవరి పేరూ లేని బోర్డు పెట్టించింది. ఏ బండికి ఎంత, ఏసీకి ఎంత, డ్రైవరు బత్తా ఎంత, తిరుగు ఖర్చు ఎవరిది, అన్నీ అందులోనే. చూడడానికి బాగాలేదు, అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. దాని వల్ల జనం ఎగబడి రాలేదు. మధు కంపెనీ మూతపడలేదు, ఇంకో ఊళ్ళో కూడా తెరిచిందని విన్నాం. మేం కొన్ని బండ్లు అమ్ముకున్నాం. కానీ ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ మా దగ్గరికే వచ్చేవాళ్ళు, మా మామ చర్చివాళ్ళంతా అందులో ఉన్నారు. ఆఫీసు చిన్నదై నిలిచింది.

నాకు పెళ్ళై కడప వచ్చేశాను. పోయిన వానాకాలం ఓబులమ్మగారు చనిపోయారని పీరా ఫోన్ చేస్తే, ఆమె ఊరికి వెళ్ళాను. ఆమె కొడుకు అరుగు మీద కూర్చుని, "మాయమ్మ నన్ను కూడా ఎప్పుడూ నమ్మలేదక్కా" అన్నాడు. ఆ మాట తప్పని నేను అనలేకపోయాను. అందరినీ అనుమానించే మనిషి దగ్గర బతకడం ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఆమె దగ్గర నేర్చుకున్న చూపుతో నేను అంగళ్ళలో, ఆసుపత్రుల్లో ఎన్నోసార్లు మోసపోకుండా తప్పించుకున్నాను. అదే చూపుతో మా ఆయన్ను కూడా అనవసరంగా బాధపెట్టిన రోజులున్నాయి.

ఇప్పుడు నేనొక ప్రైవేటు కాలేజీలో సామాన్లు కొనే విభాగంలో పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక సప్లయరు చెప్పిన రేటు ఇంకో సప్లయరుకు ముందే తెలిసిపోయింది. విభాగంలో అందరి చూపూ కొత్తగా చేరిన రిజ్వానా మీదికి మళ్ళింది. రేట్ల కాగితాలుండే బీరువా తాళాలు ఆ అమ్మాయి దగ్గరున్నాయి, వాటిని మెల్లగా తీసేసుకోమని మా సారు నా చెవిలో చెప్పారు. నా లోపల కూడా అదే అనుమానం కదులుతూ ఉంది, అబద్ధమెందుకు. మధ్యాహ్నం క్యాంటీనులో ఆమె ఎదురుగా వెళ్ళి కూర్చుని అడిగాను.

"వాళ్ళకు ఆ రేటు నువ్వు చెప్పినావా రిజ్వానా?"

ఆమె చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "లేదు మేడం" అంది. కొంచెం ఆగి, "నిన్నటి నుంచి అందరూ చూస్తాండారు. అడిగింది మీరొక్కరే" అంది.

నేను పూర్తిగా నమ్మానని చెప్పలేను. తాళాలు ఆ అమ్మాయి దగ్గరే ఉంటాయని సారుకు చెప్పి, నా సీటుకొచ్చి, ఆ రెండో సప్లయరుకు ఫోన్ చేశాను. ఆ రేటు మీకు ఎవరు చెప్పారని అడగడానికి.