వెనకబడినవాళ్ల సాలు

మొన్న పొద్దున్నే మా మనవరాలు వాచిన చీలమండకు గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ వాకిట్లో చుట్లు తిరుగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. యూనివర్సిటీలో చదివే పిల్ల, సెలవులకు యాడికి అనే ఊరికి దగ్గరున్న మా పల్లెకు వచ్చి, ముందురోజే కాలు బెణికించుకుంది. అయినా సెల్‌ఫోన్‌లో ఏదో వ్యాయామం యాప్ ఉందట, హాస్టల్ స్నేహితురాళ్లంతా అందులో చేరి ఎవరెక్కువ నడిచారని పోటీ పడతారట, ఒక్కరోజు మానితే పేరు కిందికి జారుతుందట.

"కాలు బోండా మాదిరి పొంగిండాది, కూచో పాపా" అన్నాను.

"ఈపొద్దు నడవకపోతే అందరికన్నా కడాకు పోతాను జేజినాయనా, నగుతారు."

"ఆరోగ్యానికని చెప్తివే?"

"మొదట్లో అట్లే అనుకున్యా" అంది, తిరగడం మాత్రం ఆపలేదు.

బడి ఎగ్గొట్టడంలోనే పట్టా పుచ్చుకున్న నాకు వాళ్ల చదువులు తెలియవు గానీ, పోటీ తెలియనిది కాదు. మా చిన్నప్పుడు, మీకూ గుర్తుండే ఉంటుంది, చెనిక్కాయ చెట్లు పెరికే రోజుల్లో నాయన, అమ్మ, మేనత్త, నేను తలా ఒక సాలు పట్టి వంగితే, ఎండి బిగుసుకున్న ఎర్రనేల కాయను వదలనంటే మేమూ వదలమంటూ, గట్టు ముందెవరు తాకుతారా అని ఒకరినొకరు దెప్పుకుంటూ పెరికేవాళ్లం. బడి అంటే కడుపునొప్పి వచ్చే నాకు అక్కడ నడుమునొప్పి కూడా తెలిసేది కాదు. గెలుపు ఎప్పుడూ మేనత్తదే. అయితే గెలిచినవాళ్లు గుక్కెడు నీళ్లు తాగి, వెనకబడినవాళ్ల సాలు ఆ కొసనుంచి పట్టుకుని ఎదురు రావాలి, అది మా పద్ధతి. ఒకసారి జ్వరంతో నేను సాలు నడుమ చతికిలబడితే, అత్త "ఏమిరా, చెట్లకు జోల పాడతాండావా?" అని ఎగతాళి చేస్తూనే పెరుక్కుంటూ నా ముందుకు వచ్చేసింది. ఆ మాటకు రోషమూ, ఆ మనిషిని చూస్తే బలమూ వచ్చాయి.

ఈ యాప్ ఉందే, అత్త వెక్కిరింపు ఒక్కటే నేర్చుకుంది.

"కాలు నొస్తాందని వాళ్లకు చెప్తివా?" అని అడిగాను.

"చెప్తే సాకు అంటారు" అంది.

పక్కపక్క మంచాల్లో పడుకునే పిల్లలు నొప్పి చెప్పుకోలేని పోటీ ఏమి పోటీ అని, చెయ్యి పట్టి బలవంతంగా కూర్చోబెట్టాను. సాయంత్రానికి ఆమె పేరు అడుక్కి జారింది. ఫోనులో స్నేహితురాళ్ల నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి, ఏమైందే అని ఒక్కరూ అడగలేదు. పిల్ల ఫోను బోర్లించి కళ్లు తుడుచుకుంది. నడిచే కాళ్లున్నాయి, పందేలూ ఉన్నాయి. ముందు పోయినవాళ్లు ఒకసారి తల తిప్పి చూసే ఆ అలవాటు ఎప్పుడు పోయిందో, మనమెవరమూ గమనించనే లేదు.