తాతల పేర పోసిన దొప్ప

నాకు భద్రాచలం కొండల్లో గూడేలు చూపించి, జీలుగు కల్లు రుచి చూపిస్తానని ఒకరోజు కిరాయికి వచ్చిన డ్రైవరు ఆయన. పెద్దల పేర నాలుగు చుక్కలు నేలకు వదిలి తాగడం అక్కడి పద్ధతి. ఆయన మాత్రం ఆకు దొప్పెడు కల్లూ నేలకే పోసేవాడు.

"మీ తాతలకు గింత దూపేందిరా?" అంది కల్లు పోసే అవ్వ.

"బండి తోలేటోని తాతలు గట్లనే ఉంటరవ్వా."

తాగి చెట్టుకింద పడి నిద్రపోయింది నేను. రాత్రి ఇంటికి ఆలస్యంగా చేరడానికి కారణం డ్రైవరు తాగడమేనని ఇంట్లో చెప్పాను. నేలకు పోసినప్పుడు కల్లు చిందిన ఆయన ప్యాంటు నుంచి వాసన తగిలి మా ఆవిడ నమ్మింది. తర్వాత మా వీధిలో ఎవరూ ఆయన బండి పిలవలేదు.

మొన్న వీధిలో అందరికీ నిజం చెప్పి, ఆయన దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆయన నవ్వాడు.

"మీ దొప్ప గూడ మా తాతలకే పోయాల్సింది సార్."