ఉన్న బిడ్డా, ఉన్న

పంజాగుట్టలో మా సంస్థ ఆపదలో ఉన్న పిల్లల కోసం ఒక ఫోన్ లైను నడిపేది. ఆ ఫోనెత్తే అక్క లాక్‌డౌన్‌లో కూడా బల్కంపేట నుంచి నడిచి వచ్చేది. అవతల ఎవరూ పలకకపోయినా పెట్టేసేది కాదు. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ, "ఉన్న బిడ్డా, ఉన్న" అంటూ కూర్చునేది.

కరోనాతో విరాళాలు ఆగిపోయాయి. అత్యవసర గ్రాంటు రాకపోతే నెలాఖరుకి ఆ లైను మూతే. దరఖాస్తు రాసేది నేను. సాయం అందిన కాల్స్ లెక్క అడిగితే, అక్క బ్లాంక్ కాల్స్ కూడా కలిపి ఇచ్చింది.

"ఏంటక్కా ఇది? మాట్లాడని వాళ్ళకి ఏం సాయం చేసినట్టు? గ్రాంటు ఇచ్చేవాళ్ళు నవ్వుతారు."

"కొట్టెటోడు పక్కనే కూసున్నంక పిల్ల ఎట్ల మాట్లాడతది, మేడం? లైన్ల ఉండుడే సాయం. మీ ఇంగ్లీషుల జర గట్టిగ రాయిర్రి. కొట్లాడుడు మీకు మస్తొస్తది గద!"

ఒళ్ళు మండింది. అయినా లైన్లో ఉండటమే సాయమని రాశాను, గట్టిగానే.

గ్రాంటు వచ్చింది. అందుకే వచ్చిందని ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అక్క అన్నం తింటుంటే ఫోన్ నేనెత్తాను. "హలో, ఎవరండీ? చెప్పండి!" అన్నాను. మాట లేదు, దూరంగా టీవీ మోత. ఎవరితోనైనా వాదించగల నేను "హలో, హలో" అనే అంటూ పోయాను. చివరికి, "ఉన్న బిడ్డా" అన్నాను. నా గుంటూరు నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో!

అక్క ఎంగిలిచేత్తోనే వచ్చి నా పక్కన నిలబడింది.

"గంత గట్టిగ కాదు, మేడం. జర మెల్లగ. పక్కనున్నోనికి ఇనబడ్తది."