వందన సమర్పణలో అడిగిన ప్రశ్నలు

వందన సమర్పణలో ప్రశ్న ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. ఉండదని అందరూ అనుకుంటారు, అంతే. నెల్లూరులో నేను చదివిన కాలేజీలో సభలన్నిటికీ తీరు ఒక్కటే: ప్రార్థన, స్వాగతం, అధ్యక్షుల పలుకులు, ముఖ్య అతిథి ప్రసంగం, వందన సమర్పణ, జాతీయ గీతం. ముఖ్య అతిథిని ఎవరూ ఏమీ అడగరు. ఆయన కూర్చున్నాక నోరు విప్పే అవకాశం ఒక్కరికే ఉంటుంది. ఆ ఒక్కరూ లేచేది ఆయనకు కృతజ్ఞతలు చెప్పడానికి. అరవైల నడుమ ఒక చలికాలపు సాయంకాలం ఆ ఒక్కరు నేనయ్యాను.

అప్పటికి నేను కాలేజీ వాదోపవాదాల జట్టులో ఉన్నాను. జట్టంటే ఇద్దరం. ఒకడు బుచ్చిరెడ్డిపాళెం వైపు రైతుబిడ్డ. రెండవదాన్ని నేను, కోట అనే ఊరికి తూర్పున సముద్రపు ఒడ్డు పల్లెలో మిషన్ బడి పంతులు కూతురిని. మద్రాసులో జరిగే అంతర్ కళాశాలల పోటీకి మా కాలేజీ అంతకు ముందెన్నడూ ఆడపిల్లను పంపలేదు. ఆ ఏడు నా పేరు ప్రకటన పలక మీదకెక్కింది. మా వాడలో ఎవరూ ఎక్కని వేదిక అది. దానికోసం నేను ఎంతగా ఎదురుచూశానో వేరే చెప్పనక్కరలేదు.

పోటీకి ఇచ్చిన అంశం, చట్టం స్వేచ్ఛకు శత్రువా అన్నది. అమెరికాలో కొట్లూ హోటళ్లూ నల్లవారిని గుమ్మం బయట నిలబెట్టరాదన్న పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. అందుకని రోజూ క్లాసులు ముగియగానే రీడింగ్ రూములో కూర్చుని, మద్రాసు నుంచి వచ్చే పత్రికల్లో ఆ దేశపు సెనేటర్ల ప్రసంగాలు చదివేదాన్ని. అక్కడి సంప్రదాయవాదులు ఆ బిల్లు ఓటుకు రాకుండా వారాల తరబడి వంతులు వేసుకుని మాట్లాడారు. గంట కొట్టగానే సగం వాక్యంలో ఆపి కూర్చోవాలని నేర్చుకున్నదాన్ని; నాకు ఆ పని వాదం అనిపించలేదు. వాదమంటే ఎదుటివాడి మాటకు జవాబు చెప్పడం. వారు చేసింది, జవాబు చెప్పవలసిన ఘడియ రాకుండా కాలాన్ని తినివేయడం. పైగా దానికి వారు పెట్టుకున్న పేరు స్వేచ్ఛ. రాష్ట్రాల స్వేచ్ఛ, కొట్టు యజమాని స్వేచ్ఛ, ఆచారపు స్వేచ్ఛ. ఆ కొట్టు గుమ్మం ముందు నిలబడినవాడి స్వేచ్ఛ మాత్రం ఏ ప్రసంగంలోనూ కనబడలేదు.

ఇలా ఉండగా, మిషన్ ఆసుపత్రినీ బళ్లనూ చూడడానికి అమెరికా నుంచి ఒక చర్చి బృందం వచ్చింది. అందులో ఒక పెద్దమనిషి దక్షిణాది రాష్ట్రమొకదానిలో శాసనసభ్యుడు. మా కాలేజీలో ఆయన ఉపన్యాసం ఏర్పాటయింది. ప్రిన్సిపాలుగారు నన్ను పిలిపించారు.

“వందన సమర్పణ నీది. మూడు నిమిషాలు. ఇంగ్లీషు స్వచ్ఛంగా ఉండాలి.”

“ఆయన రాజకీయం మాట్లాడితే ఏం చేయమంటారు సార్?”

“ఆయన ఏం మాట్లాడినా నువ్వు కృతజ్ఞతలే చెబుతావు. మద్రాసుకు వెళ్లేవాళ్లకు సభామర్యాద తెలిసుండాలి. తెలియనివాళ్లను నేను పంపను. అర్థమైందా అమ్మాయ్?”

అర్థమైందన్నాను. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆయన రెండవది అడగలేదు.

జట్టులోని కుర్రవాడు నా ముఖం చూసి నవ్వాడు. “ఇందులో ఏముండాదక్కా! మైకు పెట్టినోడికి ఒక దండం, పందిరేసినోడికి ఒక దండం, దొరగారికి రెండు. దిగొచ్చెయ్. నువ్వేం తీర్పు చెప్పాల్సిన పన్లేదు.”

సాయంకాలం హాలు నిండింది. ముందు వరుసలో ఊరి పెద్దలు, భూస్వాములు, బస్టాండు దగ్గర కాఫీ హోటలు యజమాని కూడా ఉన్నారు. అతిథి ఆరడుగుల మనిషి. చామంతి దండ తీసి ఒళ్లో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ అందరినీ చూసి నవ్వాడు. చెడ్డవాడిలా ఏమీ లేడు. ఆ ఉదయమే మిషన్ బడిలో పిల్లలకు గరిటెతో పాలు పోశాడు. మనిషి చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

ఆయన ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యం చెబుతుంటే మిషన్ పాస్టరుగారు తెలుగు చేశారు. అప్పుడే ముగిసిన అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో తమ అభ్యర్థి ఓడినా తమ సిద్ధాంతం ఓడలేదన్నాడు. ప్రభుత్వం పేదవాడికి అన్నం పెడితే వాడు సోమరి అవుతాడన్నాడు. ఓటు వేసేవాడికి రాజ్యాంగం చదివి అర్థం చెప్పగల తెలివి ఉండాలన్నాడు. కొట్టు యజమాని తన కొట్టులో ఎవరికి అమ్మాలో సర్కారు చెప్పరాదన్నాడు. చట్టం మనసుల్ని మార్చలేదు, కాలమే మార్చాలి, తొందరపడరాదు అన్నాడు.

కొట్టు మాట పాస్టరుగారి తెలుగులో వినబడగానే ముందు వరుస చప్పట్లతో మోగింది. తన భావం ఇంత దూరపు దేశంలో ఇంత బాగా అందిందని అతిథి ముఖం విప్పారింది. ఆ చప్పట్లు ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

నా వంతు వచ్చింది. జేబురుమాలులో చుట్టుకున్న కాగితం విప్పలేదు. ఇంగ్లీషులో ఒక వాక్యం, వెంటనే తెలుగులో అదే వాక్యం, రెండూ నేనే చెప్పాను. చప్పట్లు తెలుగుకు పడ్డాయి కనుక జవాబూ తెలుగులో వినబడాలి.

“అతిథిగారికి నా మొదటి కృతజ్ఞత పాలకు. ఈ ఉదయం మీరు మా పిల్లలకు పోసిన పాలపొడి మీ ప్రభుత్వం పంపినది. అది తాగి మా పిల్లలు సోమరులు కాలేదు, బడికి వచ్చారు. మా పిల్లలకు బలమిచ్చే పాలు మీ రాష్ట్రంలో పేదపిల్లలకు మాత్రం ఎలా చెరుపు చేస్తాయో చెప్పకుండానే మీరు కూర్చున్నారు.

“మా అవ్వకు అక్షరం రాదు. పెట్టె మీద బొమ్మ చూసి ఓటు వేసింది. అదే వరుసలో, ఆమె వెనక, మా ఊరి భూస్వామి తల్లి నిలబడింది. ఆమెకూ అక్షరం రాదు. ఇద్దరినీ రాజ్యాంగానికి అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు. మీ రాష్ట్రంలో అయితే వారిలో ఎవరిని అడుగుతారు? ఎవరిని అడగకుండా పంపిస్తారు?

“ఇక కొట్టు. మా దారిలో ఒక కాఫీ హోటలుంది. లోపల బల్లలున్నాయి. బయట చూరు కింద మేకుకు రెండు గ్లాసులున్నాయి. ఆ గ్లాసులు మావి. మేమే తాగి, మేమే కడిగి, తిరిగి మేకుకే తగిలించాలి. ఇది నేరమని మా దేశం చట్టం చేసింది. ఆ యజమాని మనసు ఇంకా మారలేదు. అది మారాలని నేను ఎదురుచూడడం లేదు. ఆయన మనసు ఆయన దగ్గరే ఉంచుకోవచ్చు. నాకు లోపలి బల్ల మీద గ్లాసు కావాలి. చట్టం మనసుల కోసం కాదు, గ్లాసుల కోసం. కాలం మారుస్తుందంటారు మీరు. ఇంతవరకు గడిచినదంతా కాలం కాదా?”

పందిరికీ మైకుకూ కృతజ్ఞతలు చెప్పి దిగాను. వెంటనే జాతీయ గీతం మొదలయింది కనుక, కోపం వచ్చినవారు కూడా కదలకుండా నిలబడవలసి వచ్చింది. గీతం అయ్యాక కుర్రవాడు నా పక్కకు వచ్చి, “దొరగారి రెండు దండాలు మరిచిపోయినావక్కా,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆ రాత్రే మా నాయనకు కబురు వెళ్లింది. మరునాడు తొలి బస్సుకు వచ్చాడు. ప్రిన్సిపాలుగారు ఇద్దరినీ నిలబెట్టి, నా ప్రశ్నలన్నీ నాయనకు వినిపించి, తేల్చి చెప్పారు: అతిథి మధ్యాహ్నం బయలుదేరుతున్నాడు, ఈలోగా మిషన్ బంగళాకు వెళ్లి నేను క్షమాపణ చెప్పాలి, చెప్పకపోతే మద్రాసుకు నా బదులు ఇంకొకరు వెళతారు.

వరండాలోకి రాగానే నాయన గొంతు తగ్గించి అడిగాడు. “ఏందిమే ఇది? నేను మిషన్ బళ్లో ఉప్పు తింటా ఉండా.”

“నేనడిగిన దాంట్లో అబద్ధముందా నాయనా?”

“నిజమైతే మాత్రం మైకులో చెప్పాల్నా? గమ్మునుంటే మద్రాసు పోయి అక్కడ చెప్పుకుందువు గదా!”

“అక్కడ నా మాటకు మార్కులేస్తారు. ఇక్కడైతే జవాబు చెప్పాల.”

ఆయన తల పట్టుకున్నాడు. “నిన్ను చదివించింది నేనే. ఎవుర్ని తిట్టుకునేది?”

బంగళా వరండాలో పెట్టెలు కట్టి ఉన్నాయి. అతిథి లేచి మాకు కుర్చీలు చూపించాడు. నాయన కూర్చోలేదు. ప్రిన్సిపాలుగారు మా వెనకే నిలబడ్డారు. అతిథితో మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి.

“నాతో ఏదో చెప్పాలనుకున్నారట,” అన్నాడు అతిథి మర్యాదగా.

“నిన్నటి ప్రశ్నలకు మీ జవాబు వినడానికి వచ్చాను.”

వెనక ప్రిన్సిపాలుగారి చెప్పులు కిర్రుమన్నాయి. అతిథి నవ్వి, “మీ అమ్మాయి లాయరు కావాలి,” అని మా నాయనతో అన్నాడు. నా ప్రశ్న అలా మెచ్చుకోలులో మునిగిపోవడం నాకు ఇష్టం లేదు. మళ్లీ అడిగాను, పాల సంగతి ఒక్కటే.

ఆయన కొంచెం ఆలోచించాడు. ఆలోచించాడని ఒప్పుకుంటాను. “అమ్మాయీ, మీకు పంపేది దానం. మా దగ్గర పేదలు దాన్ని హక్కుగా అడుగుతున్నారు. రెండిటికీ తేడా ఉంది.”

“ఉంది,” అన్నాను. “దానమైతే మేము మీ మెడలో దండ వేయాలి. హక్కయితే మీరు మాకు జవాబు చెప్పాలి. మీకు దానమే ఎందుకు ఇష్టమో నాకిప్పుడు తెలిసింది.”

ఆయన నవ్వు నిలిచిపోయింది. గడియారం చూసుకుని, కారు వచ్చిందో లేదో కనుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. ఆ అధ్యక్ష ఎన్నికల పొడవునా ఆయన పక్షంవారు చేసిన పనీ అదే. ప్రశ్న తగిలిన చోట నిలబడరు. దేశభక్తి అంటారు, ఆచారమంటారు, లేదా వేళయిందంటారు.

ప్రిన్సిపాలుగారు నాయన వైపు తిరిగారు. “మీరైనా చెప్పండి పంతులుగారూ. ఒక్క మాట. ‘తప్పయింది’ అంటే చాలు. కారెక్కేలోపు అనిపించండి.”

నాయన కండువా భుజం మీద సర్దుకున్నాడు. “అయ్యా, నిన్న సభలో మీరున్నారు, విన్నారు. బిడ్డ అడిగిన దాంట్లో ఏది తప్పో ఒకటి చెప్పండి. ఆ ఒక్కదానికి నేనే చెప్పిస్తా.”

ప్రిన్సిపాలుగారు మెట్లు దిగి కాలేజీ వైపు నడిచారు. మధ్యాహ్నానికి ప్రకటన పలక మీద నా పేరు కొట్టివేసి ఉంది. దాని పైన ఎవరిదో చక్కటి దస్తూరీలో ఇంకొక పేరు.

మద్రాసు పోటీ నేను లేకుండానే జరిగింది. ఇది రాస్తున్న నాటికి కొన్నేళ్లు గడిచాయి. ఆ రోజు ఒక్క మాట అని ఉంటే బాగుండేదని చెప్పినవారు చాలామందే ఉన్నారు, మా వాడలో కూడా. వారందరికీ నాది ఒకటే జవాబు: ఆ ఒక్క మాట అని మద్రాసు వేదిక ఎక్కి ఉంటే, అక్కడ స్వేచ్ఛను గురించి చెప్పడానికి నా దగ్గర ఏమి మిగిలి ఉండేది?

పలక మీద నా పేరు కొట్టివేసిన నాటి సాయంకాలం నాయనను బస్సెక్కించడానికి వెళ్లాను. కోట బస్సు కదలబోతుండగా ఆయన మెట్టు మీద ఆగి అడిగాడు.

“దొర లోపలికి పోయినాడే, అంతకు ముందర ఇంగ్లీషులో ఏందో అన్నావే. నాకు సరిగ్గా అందలేదు. ఏమన్నావు?”

చెప్పాను. దానం, దండ, హక్కు, జవాబు.

“ఇంగ్లీషులో కూడా ఇంత సూటిగానే ఉన్నిందా?”

“ఇంతే సూటిగా ఉండింది నాయనా.”

“అయితే సరే,” అని లోపలికి వెళ్లి కూర్చున్నాడు.