డ్రిల్లు మాస్టారిని గోల్ఫ్ చంపలేదు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు హనుమాన్ జంక్షన్‌లో అందింది. మామిడికాయల ట్రేలు లారీలోకి ఎక్కిస్తుంటే ఫోనొచ్చింది. వెంటనే నాతో చదువుకున్న వాళ్లకి వరసగా ఫోన్లు చేశాను. ఒక్కడూ నమ్మలేదు. "మొన్ననే కదరా నువ్వు పోయావని మీ బావమరిదికి నువ్వే కబురు పంపావు, ఇక పెట్టెయ్" అన్నాడొకడు. ఇంకొకడు నవ్వాడు. చివరికి లారీ డ్రైవరు చేతికి ఫోనిచ్చి ఆయనతో చెప్పించాల్సి వచ్చింది.

నమ్మాక మాత్రం అందరి నోటా ఒకటే మాట. "డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఆ కర్రాట ఏంటి? అదే చంపింది." కర్రాట అంటే గోల్ఫ్. మా ఆగిరిపల్లి వైపు దానికి ఇంకో పేరు లేదు. ఆ మాటకి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి రెండుసార్లూ గట్టెక్కనివాణ్ణి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మాస్టారు కుర్రతనంలో, ఉద్యోగం రాకముందు, ఎక్కడో దూరపు ఊళ్లో గోల్ఫ్ ఆడే పెద్దల వెనక సంచులు మోశారు. మోసేవాళ్లు కర్ర పట్టుకోకూడదని ఒకాయన కసిరాడట. రిటైరై, గుండెకి స్టెంటు వేయించుకునే నాటికి కూడా ఆ మాట ఆయనకి అరగలేదు. డాక్టరు రోజూ నడవమన్నారు. ఊరికే నడవడం తన వల్ల కాదని పాత కర్రల సంచి ఒకటి తెప్పించి, తన ఎకరన్నర మామిడితోటలో చెట్ల వరసల మధ్య నాలుగు గుంటలు తవ్వుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు బళ్లు ఆపి మరీ నవ్వేవాళ్లు. ఆయన చేయి ఊపి మళ్లీ కొట్టుకునేవారు.

నవ్వినవాళ్లలో ముందు నేనే. ఒకరోజు మామిడి పిందెకి సున్నం పూసి ఆయన బంతి తీసేసి అక్కడ పెట్టాను. మాస్టారు వంగారు, తిరిగారు, కొట్టారు. పిందె పగిలి ముక్కలు కళ్లద్దాల మీద పడ్డాయి. చెట్టు వెనక నేను పొట్ట పట్టుకుని ఉన్నాను. ఆయన అద్దాలు తుడుచుకుని, "దెబ్బ మాత్రం సరిగ్గా తగిలింది. బయటికి రారా, నీ నవ్వు నాకు ఏడో తరగతి నుంచీ తెలుసు" అన్నారు. రాబోతే నడుం పట్టేసింది. ట్రేలు మోసి మోసి అప్పటికే సగం వంగిపోయి ఉన్నాను.

"ఏంటది?" అన్నారు.

"నడుమండి."

"వయసెంత?"

"నలభై ఆరండి."

"సిగ్గులేదూ. రేపు పొద్దున్నే రా."

వెళ్లాను. రెండు నెలలు బంతి ముట్టుకోనివ్వలేదు. ఒంటికాలి మీద నిలబెట్టడం, తొడ వెనక నరం సాగదీయించడం, తుంటి తిప్పించడం. ఇదేదో బడిలో శిక్షలా ఉందండీ అంటే, "అప్పుడు వేసిన శిక్ష సగంలో వదిలేసి పారిపోయావుగా, మిగతాది ఇప్పుడు" అన్నారు. "ముందు నిలబడ్డం నేర్చుకో. నిలబడలేనివాడు బంతిని కొట్టడు, నేలని కొడతాడు." నేను ఆ తర్వాత కూడా చాలారోజులు నేలనే కొట్టాను.

కర్రని పిసికేసేవాణ్ణి. ఆయన నా చేతిలో బాగా మాగిన చిన్న రసం మామిడిపండు పెట్టారు.

"బజార్లో దీన్ని నొక్కి చూస్తే కొట్టువాడు ఏమంటాడు?"

"తంతాడండి."

"కర్ర కూడా అంతే. పడిపోకుండా పట్టుకో, వేలిముద్ర పడకుండా పట్టుకో."

మర్నాటి నుంచి నా దెబ్బ మారింది. భుజాల నొప్పీ తగ్గింది.

అందరిలా నాకూ దూరం కొట్టాలనే యావ. ఆయన ఒప్పుకునేవారు కాదు. రోజుకి ఇరవై బంతులు, అందులో పదిహేను గుంటకి నాలుగడుగుల నుంచే. "దూరం కొడితే నలుగురు చూస్తారు. దగ్గర కొడితే ఆట బాగుపడుతుంది." ఒళ్లు బిగిసి ఉంటే ఆ రోజు కర్ర ఇచ్చేవారు కాదు, నడిపించి పంపేసేవారు. రాత్రి సరిగా నిద్రపోలేదని నా నడక చూసి పట్టేసేవారు. ఆయన దేవుడేం కాదు. డాక్టరు ఆవకాయ మానమంటే రెండు ముద్దలకి తగ్గించారు తప్ప మానలేదు. అడిగితే కోపం కూడా వచ్చేది.

ఈరోజు నేను దేన్నీ ఆనుకోకుండా నిలబడి మేజోళ్లు తొడుక్కుంటాను. మా ఊళ్లో నా ఈడు వాళ్లని ఎవరినైనా తొడుక్కోమనండి చూద్దాం.

మెల్లగా మేం ఐదుగురమయ్యాం. ఆయన పోయిన మర్నాటి నుంచి తోటకి ఒక్కడూ వెళ్లలేదు. మాలో ఒకరైన మిఠాయి కొట్టు ఆయన్ని కొడుకు ఆపాడు. నన్ను మా ఆవిడ ఆపింది. "నువ్వూ పోతావా?" అని ఏడ్చింది. నేనూ చెప్పులు విడిచి ఇంట్లోనే కూర్చున్నాను. మాస్టారు ఆరోజు ఆడి వచ్చి, స్నానం చేసి, ఇడ్లీలు తిని, పేపరు చదువుతూ కుర్చీలో పోయారు. పేపరు చంపిందని మాత్రం ఎవరూ అనలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఆయన బావమరిది చేయి కడుక్కుంటూ, "ఆ ఇనప కర్రలు పాత సామాన్లవాడికి వేసేయండి. మనిషిని మింగాయి" అన్నాడు. పంక్తిలో కొందరు తలూపారు. నేను నోరు తెరిచేలోపు గదిలోంచి అమ్మగారు గుమ్మం దాకా వచ్చారు. మాస్టారి భార్య గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"స్టెంటు వేసిన రోజు ఒక్క ఏడాది ఉంచితే చాలని మొక్కుకున్నాను తమ్ముడూ. పన్నెండేళ్లున్నారు. వాటి జోలికెళ్లకు."

నా వైపు తిరిగి, "రేపు తోటకి రా. ఎవరు రాకపోయినా నువ్వు రా" అన్నారు.

భర్త పోయినావిడ ముందు చుట్టాలింట్లో నిద్ర చేసి రాకుండా బయట తిరగకూడదని ఎవరో పెద్దావిడ గొణిగింది. అమ్మగారు విననట్టే లోపలికి వెళ్లిపోయారు.

తెల్లారి మా ఆవిడతో, "నిన్న ఆవిడ అన్నది విన్నావుగా" అన్నాను. అది బండి తాళం తెచ్చి ఇచ్చింది.

నేను వెళ్లేసరికి అమ్మగారు సంచి మోసుకుని వచ్చి ఉన్నారు. కొంగు నడుముకి దోపుకుని కర్ర తీసుకున్నారు. నేర్పుదామని ముందుకెళితే, జరగమని చేత్తో సైగ చేశారు. తుంటి తిరిగింది, చేతులు వెనకాలే వచ్చాయి. బంతి కొమ్మల కిందుగా వరస చివరికంటా పోయింది.

"ఎప్పుడు నేర్చుకున్నారండీ?"

"పెరట్లో. మీరంతా ఇళ్లకి పోయాక."

రోడ్డు మీద రెండు బళ్లు ఆగాయి, ఆ వెనక మూడోది. బంతి ఎక్కడ పడిందో ఆవిడ చూడలేదు, వాళ్లనీ చూడలేదు. ఇంకో బంతి పెట్టమని కర్ర కొసతో నేల చూపించారు.