ఇంట్లో చెప్పాలి

మేష్టారు కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పేవారు. చదువుతూండగా ఏదైనా వింతగా తోస్తే ఆ పేజీలో ఒక చీటీ పెట్టేవారు. ప్రతి చీటీ మీదా ఒకటే మాట: ‘ఇంట్లో చెప్పాలి.’ సాయంత్రం వంటింటి గుమ్మానికి ఆనుకుని భార్యకి ఆ సంగతి చెప్పి, చీటీ చింపేసేవారు. ఆవిడకి అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. చెట్లూ చేమల గురించి తెలిసిందంతా ఆ గుమ్మం దగ్గర తెలిసిందే.

ఆయన పోయాక పుస్తకాలు సర్దుతుంటే నలభై ఒక్క చీటీలు కనబడ్డాయి. అంటే ఇంకా చెప్పకుండా ఉండిపోయినవి నలభై ఒకటి. పుస్తకాలు కాలేజీకే ఇస్తాను గానీ, చీటీలున్న పేజీలు నాకెవరైనా చదివి పెట్టాలని ఆవిడ అడిగింది. లైబ్రేరియన్ అమ్మాయి తనే చదువుతానంది.

ఆ అమ్మాయికీ, పాత రికార్డుల గది చూసే పెద్దాయనకీ అంతవరకూ ఉప్పూ నిప్పూ. ఇద్దరూ ఎదురుపడకుండా చెరో మెట్లదారీ వాడుకుంటారని కాలేజీలో నవ్వుకునేవారు. మేష్టారి పుస్తకాల పెట్టెలు చూశాక మాత్రం ఒక్క మాట మీదికొచ్చారు. అచ్చువేసినవి లైబ్రరీకి, చేత్తో రాసినవి రికార్డులకి. రెండ్రోజుల్లో పంపకం అయిపోయింది.

నెల తిరిగాక ఆవిడ లైబ్రరీకి వెళ్లింది. పుస్తకాలు దుమ్ము దులిపించుకుని, వీపున నంబర్లతో బీరువాలో నిలబడి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ చీటీ లేదు. అడిగితే పెద్దాయన తన గదిలోంచి కవరు తెచ్చాడు. నలభై ఒకటీ ఇస్త్రీ చేసినట్టున్నాయి.

“చేతిరాత కదమ్మా, ఒక్కటి పోకుండా దాచాను.”

“ఏది ఏ పేజీలోదో రాసుకున్నారా, అన్నయ్యగారూ?”

ఆయన లైబ్రేరియన్ వైపు చూశాడు. ఆ అమ్మాయి ఆయన వైపు చూసింది. ఆమె రాసుకునే ఉంటుందని ఈయనా, ఈయన రాసుకునే ఉంటాడని ఆ అమ్మాయీ అనుకున్నారు. పని తెలిసినవాళ్లే ఇద్దరూ. ఆవిడ ఎవర్నని ఏమంటుంది?

ముగ్గురూ కిటికీ దగ్గర కూర్చుని, చీటీ మరక ఏమన్నా మిగిలిందేమోనని పేజీ పేజీ తిప్పారు. ఎండ వాలిపోయే వేళకి ఒక్క చోట చీటీ మేర పసుపు జాడ దొరికింది. లైబ్రేరియన్ చదివింది. మండుటెండలో ఆకు తన సన్నటి నోళ్లన్నీ మూసేసుకుంటుందట, ఉన్న తడి పోకుండా. ఆ కాసేపూ దానికి తిండి కూడా ఉండదట.

“మిగతావి మీకు నచ్చిన పేజీల్లో పెట్టేద్దామా, అమ్మా?” ఆ అమ్మాయి కవరు చేతిలోకి తీసుకుంది.

“వద్దు తల్లీ. అవి ఆయన చెప్పాలనుకున్నవి కావుగా.”

ఆకు సంగతే మళ్లీ చదవమంది.